పీహెచ్‌డీ మధ్యలో బిడ్డ పుడితే ఏది మేలు: సెలవా, పార్ట్‌టైమా, ఆపడమా?

కోర్స్‌వర్క్ అయిపోయి, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఒప్పుకున్నాక, మూడో ఏడాదిలో నాకు పాప పుట్టింది. ఆ తర్వాత జూనియర్ స్కాలర్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అక్కా, కొన్నాళ్ళు ఆపేయనా? పార్ట్‌టైమ్‌కి మారనా? సెలవు పెట్టి ఇలాగే నెట్టుకురానా?" ఈ మూడు దారుల్లో వెళ్ళినవాళ్ళనూ దగ్గరగా చూశాను. నా ఓటు మొదటినుంచీ సెలవుకే. ఎందుకో చెప్తాను.

ముందు గడువు సంగతి. 2022 నవంబరు నాటి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 6 ఏళ్ళు. రీ-రిజిస్ట్రేషన్ చేసుకుంటే మరో 2 ఏళ్ళు. మహిళలకు ఆపైన ఇంకో 2 ఏళ్ళ వెసులుబాటు ఉంది, అంటే మొత్తం 10 ఏళ్ళ దాకా. ఇది చేరిన తేదీ నుంచే లెక్క. ప్రసూతికీ, బిడ్డను చూసుకోవడానికీ కలిపి కోర్సు మొత్తంలో 240 రోజుల వరకు సెలవు ఇవ్వొచ్చు.

240 రోజులంటే ఎనిమిది నెలలు. వాటిని ఎప్పుడు మొదలుపెడతామన్నదే అసలు విషయం. మన ఇళ్ళలో ఏడో నెల రాగానే పుట్టింటికి తీసుకెళ్తారు, చాలామంది సెలవు కూడా ఆరోజు నుంచే పెట్టేస్తారు. అలా చేస్తే బిడ్డకు ఐదు నెలలు నిండేసరికి సెలవు మొత్తం అయిపోతుంది. అప్పటికి అన్నప్రాసన కూడా అయి ఉండదు, బిడ్డకు తల్లిపాలే ఆధారం. అదే కాన్పు రోజు నుంచి లెక్కపెడితే ఎనిమిదో నెల దాకా వస్తుంది. అప్పటికి ఉగ్గు తింటుంది, మెత్తగా కలిపిన పప్పన్నం తింటుంది, మధ్యాహ్నం దాకా అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండగలుగుతుంది. డాక్టరు విశ్రాంతి తీసుకోమంటే అది వేరే మాట. లేకపోతే పుట్టింట్లో ఉన్నా గైడుకు చెప్పి చదువుకునే పని, నోట్సు పని చేసుకుంటూ, సెలవును కాన్పు తర్వాతకు దాచుకోవాలి.

ఫుల్‌టైమ్‌లోనే ఉండమనడానికి ఇంకో కారణం డబ్బు. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) ఉన్నవాళ్ళకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000. రెండూ కలిపి ఎక్కువలో ఎక్కువ ఐదేళ్ళు. గడువు పదేళ్ళున్నా డబ్బు ఐదేళ్ళకే ఆగిపోతుందని మొదటిరోజే ఇంట్లో అందరికీ తెలియాలి.

పార్ట్‌టైమ్‌లో ఈ ఫెలోషిప్ రాదు. జీతం మీదే ఇల్లు నడిచే లెక్చరర్లకు అది సరైన దారి. పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. చదువుకు సమయం దొరుకుతుందనీ, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు డ్యూటీ నుంచి పంపుతామనీ అందులో రాసి ఇవ్వాలి. కానీ ఉద్యోగం లేనివాళ్ళు బిడ్డ కోసమని పార్ట్‌టైమ్‌కు మారతామంటే నేను వద్దనే అంటాను. పేరు మారినంత మాత్రాన థీసిస్ సగం కాదు, పోయేది ఫెలోషిప్పే.

ఇక ఆపేయడం. తల్లికో బిడ్డకో ఆరోగ్యం బాగోకపోతే రెండో ఆలోచన వద్దు, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఆపేయండి. మిగతా సందర్భాల్లో దీనికి నేను భయపడతాను. సెలవు అయిపోయాక నేను ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలు పని పక్కన పెట్టాను. తిరిగి ఫీల్డ్ నోట్సు తెరిస్తే, నా చేతిరాతే అయినా, ఏ మాట ఏ ఊళ్ళో ఎవరన్నారో గుర్తురాలేదు. ఆ ఊళ్ళకు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది, చంకలో పాపతో. గైడు ఎప్పుడు రిటైర్ అవుతారో కూడా చూసుకోవాలి. మూడేళ్ళలోపు రిటైరయ్యేవాళ్ళు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. అంటే మనం ఆగి వచ్చేసరికి మన గైడు రిటైరైపోతే, ఆ శాఖలో మనల్ని తీసుకోగలిగినవాళ్ళలో మన అంశం తెలిసినవాళ్ళు ఎవరూ మిగలకపోవచ్చు.

ఏ దారి పట్టినా, బిడ్డ నిద్రపోయాక రాసుకుంటానని మాత్రం అనుకోకండి. ఆ నలభై నిమిషాల్లో రికార్డు చేసిన ఇంటర్వ్యూను కాగితం మీదికి ఎక్కించొచ్చు, ఒక వ్యాసం చదవొచ్చు. అధ్యాయం రాయడానికి మూడు గంటలు ఎవరూ పిలవకుండా ఉండాలి. నా చివరి మూడు అధ్యాయాలు తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది మధ్య రాసినవే. ఆ మూడు గంటలూ పాపను మేడ మీద ఆడిస్తూ, పాలు పట్టిస్తూ మా ఆయన చూసుకున్నారు. "అవసరమైతే చెప్పు" అనే సాయం కన్నా, రోజూ ఫలానా గంటలు నావి అని తేల్చుకున్న సాయం ఎంతో గొప్పది. క్రెష్ (పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది) మీద ఆశ పెట్టుకునేవాళ్ళు ముందే కనుక్కోండి. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలని చట్టం చెప్తోంది కానీ అది ఉద్యోగుల కోసం, స్కాలరు ఉద్యోగి కాదు.

భర్తకు బదిలీ అయితే చదువు మానాల్సిందేనా అని కూడా అడుగుతుంటారు. అక్కర్లేదు. పెళ్ళి వల్లగానీ మరో కారణం వల్లగానీ ఊరు మారిన మహిళా స్కాలరు, అక్కడి విద్యాసంస్థ చేర్చుకుని షరతులన్నీ కుదిరితే, తన పరిశోధన సమాచారాన్ని అక్కడికి తీసుకెళ్ళొచ్చు. ఈ నిబంధన సంగతి కొన్ని ఆఫీసుల్లో కూడా తెలియదు. వెళ్ళేటప్పుడు ఆ పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్ళండి.