పల్లాడియం ఎక్కించిన సీఓఎఫ్-ఎల్‌జడ్‌యూ1: రెండేళ్ల వాడకం తర్వాత

రెండు అణువులను కార్బన్-కార్బన్ బంధంతో కలిపే సుజుకి చర్యల కోసం రెండేళ్లుగా నేను వాడుతున్న ఉత్ప్రేరకం, పల్లాడియం ఎక్కించిన సీఓఎఫ్-ఎల్‌జడ్‌యూ1 అనే సచ్ఛిద్ర సేంద్రియ పదార్థం. చైనాలోని లాంజౌ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రకటించిన ఈ పదార్థంలో ట్రైఫార్మైల్‌బెంజీన్, ఫినిలీన్‌డైఅమీన్ అణువులు ఇమైన్ (కార్బన్-నైట్రోజన్ ద్విబంధం) బంధాలతో పొరలుపొరలుగా అల్లుకుని, దాదాపు 1.8 నానోమీటర్ల రంధ్రాలను ఏర్పరుస్తాయి. పొరల నడుమ నైట్రోజన్లు పల్లాడియంను పట్టి ఉంచుతాయి. లోహం ఎక్కించడం కష్టం కాదు. పసుపు పొడిని పల్లాడియం ఎసిటేట్ ద్రావణంలో గది ఉష్ణోగ్రత వద్దే కలియబెట్టి, వడకట్టి, బాగా కడిగి ఆరబెడితే చాలు.

చర్య ముగిశాక వడపోతతోనే ఉత్ప్రేరకం వేరైపోవడం దీని అసలు ఆకర్షణ. నోటి ద్వారా తీసుకునే మందుల్లో మిగిలిపోయే పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదన్న నిబంధన తెలిసిన వారికి ఈ సౌకర్యం విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే "మళ్లీ మళ్లీ వాడవచ్చు" అన్న మాటను నేను మొదట అమాయకంగానే నమ్మాను. మూడు గంటల తర్వాత చూస్తే ప్రతి విడతలోనూ దిగుబడి ఒకేలా కనిపించేది. ఒకసారి అరగంటకే నమూనా తీసి చూసినప్పుడు, నాలుగో విడతలో చర్య మొదటి విడత కంటే బాగా మందగించిందని తేలింది; నేను ఇచ్చిన అదనపు సమయమే ఆ నీరసాన్ని కప్పిపుచ్చింది. అప్పటి నుంచి తుది దిగుబడి మాత్రమే చూపించే పునర్వినియోగ పట్టికలను నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

మరో పొరపాటు పూర్తిగా నాదే. వడకట్టిన ద్రవం బూడిదరంగులో రావడంతో లోహం కారిపోతోందని వారం రోజులు కంగారుపడ్డాను. తీరా చూస్తే, ఫ్లాస్కు అడుగున తిరిగే అయస్కాంతపు కడ్డీ పొడిని రోట్లో నూరినట్టు నూరేయడంతో ఆ మెత్తటి నలుసు వడపోత కాగితం దాటిపోతోంది. పైనుంచి తిప్పే స్టిరర్ పెట్టాక ద్రవం తేటపడింది. లోహం నిజంగా కారుతోందా అని తేల్చుకోవాలంటే మాత్రం వేడి మీదే వడకట్టాలి. చల్లారనిస్తే కరిగిన పల్లాడియం మళ్లీ పొడి మీదకే చేరి మనల్ని మోసగించవచ్చు.

ప్రతి విడత తర్వాత నీటితో కడగకపోతే చర్యలో వాడే క్షారం నుంచి మిగిలే పొటాషియం లవణాలు రంధ్రాలను మూసేస్తాయి. ఆమ్లం జోలికి మాత్రం పోకూడదు, ఇమైన్ బంధాలు విడిపోతాయి. పసుపు పొడి వాడేకొద్దీ ముదిరి నల్లబడుతుంది. ఐదో విడత దాటిన పొడిని నేనిక చర్యలకు వాడడం లేదు. పల్లాడియం తిరిగి రాబట్టేందుకు వేరే సీసాలో దాస్తున్నాను.