12 వారాల రీహాబ్: నాకు పనికొచ్చినవీ, లోటనిపించినవీ

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) అని తేలి ఆరేళ్లయింది. మందులు ఏ రోజూ మానలేదు. అయినా కుడి పాదం ముందు భాగం సరిగ్గా లేవక, నడుస్తుంటే నేలకు తట్టుకునేది. న్యూరాలజిస్ట్ రాసిస్తే ఒక రీహాబ్ సెంటర్‌కి 12 వారాలు, వారానికి రెండుసార్లు వెళ్లాను.

మొదటి రోజు 25 అడుగులు నడిపించి టైమ్ చూశారు. 14 సెకన్లు పట్టింది. చివరి వారం 11. పిక్కలు సాగదీయడం, కూర్చుని తొక్కే సైకిల్, చీలమండకు ప్లాస్టిక్ స్ప్లింట్ బాగా పనిచేశాయి.

కానీ నా రోజుని మార్చింది అక్కడి ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు తేలిగ్గా చేసుకునే దారి చూపించే ఆవిడ. వారం పాటు గంటగంటకీ ఏం చేశానో, ఎంత అలిసిపోయానో రాసి తెమ్మంది. ఆ కాగితాలు చూసి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "రోజూ స్నానం తర్వాతే ఎందుకు ఇంత నీరసపడిపోతున్నారమ్మా?" నేను మరీ వేడినీళ్లు పోసుకుంటాను. నరం మీద మైలిన్ పొర దెబ్బతిన్న చోట సంకేతం అసలే మెల్లగా పోతుంది, ఒంట్లో వేడి కొంచెం పెరిగినా తడబడుతుంది, చల్లబడితే సర్దుకుంటుంది అని వివరించింది. కళ్లు మసకబారినప్పుడల్లా జబ్బు మళ్లీ తిరగబెట్టిందేమోనని ఎన్ని ఉదయాలు ఏడ్చానో! ఇప్పుడు గోరువెచ్చని నీళ్లు, కూర్చోవడానికి స్టూలు, తర్వాత అరగంట విశ్రాంతి. మధ్యాహ్నం దాకా ఓపిక మిగులుతోంది. అలసటని బద్ధకం అనకుండా లెక్కలోకి తీసుకున్నది ఈ ఆరేళ్లలో ఆవిడొక్కతే.

అంత చెప్పిన చోటే వ్యాయామం హాల్లో ఉక్కపోత. రెండుసార్లు సెషన్ మధ్యలో కాళ్లు వణికి ఆపేయాల్సి వచ్చింది. అడిగాక పొద్దున్నే టైమ్ ఇచ్చారు. ఈ జబ్బున్నవాళ్ల కోసం నడిపే చోట అది అడిగించుకోకూడని విషయం.

ఇంకో పెద్ద లోటు. మూత్రం ఆపుకోలేకపోవడం ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. ఎనిమిదో వారం దాకా ఎవరూ అడగలేదు, నాకు నోరు రాలేదు. అడిగి ఉంటే కటి కండరాల వ్యాయామాలు రెండు నెలల ముందే మొదలయ్యేవి.

రీహాబ్ జబ్బుని ఆపదు, వాళ్లూ ఆ మాట ముందే చెప్పారు. అయినా నేను వెళ్లమనే చెప్తాను. 12 వారాలు అవగానే ఇంట్లో చేసుకునే వ్యాయామాల కాగితం ఇచ్చి పంపేస్తున్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ చూడటానికి నేనే అడిగి తేదీ రాయించుకున్నాను. మీరు మొదటి రోజే అడగండి.