పూల ఎర్రగడ్డలు: నెల్లూరు, ఒంగోలు పెరట్లో ఏది మేలు?

పొడవాటి కాడ మీద ఊదారంగు బంతిలా పూసే పెద్ద అల్లియం (ఎర్రగడ్డ జాతి పూలమొక్క) బొమ్మ చూస్తే ఎవరికైనా మనసవుతుంది. గడ్డలకు డబ్బు కట్టేముందు మాత్రం మన చలి సంగతి ఆలోచించాలి. ఆ గడ్డలోంచి పూకాడ లేవాలంటే సుమారు 12 వారాలు 5 డిగ్రీల దగ్గర చలి తగలాలి. నెల్లూరులో జనవరి రాత్రులు కూడా 20 డిగ్రీలకు అటూఇటూగానే ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపించవచ్చు, అయితే పండ్లు ఉన్న అరలో పెడితే అవి వదిలే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ చెడిపోతుంది. అంతా సరిగ్గా చేసి డిసెంబరులో నాటినా, ఫిబ్రవరి చివరికే ఎండ ముదిరి ఆకు మాడుతుంది. కాడ పొట్టిగా వస్తుంది, గడ్డ మళ్లీ ఊరదు. ఒక్క పూతకు ఇంత ఖర్చు దండగ.

వంటింట్లో మొలకెత్తిన ఎర్రగడ్డను అక్టోబరు, నవంబరుల్లో నాటితే పైసా ఖర్చుండదు. తెల్లటి గుండ్రని పూగుత్తి అందంగానే ఉంటుంది, తేనెటీగలు ముసురుతాయి. కాకపోతే అన్నీ కాడ వెయ్యవు. చలి తక్కువైన ఏడు చాలావాటికి ఆకే మిగులుతుంది.

ఏటా నమ్మకంగా పూసేది కావాలంటే గార్లిక్ చైవ్స్ మేలు. తెల్లగడ్డ వాసన వేసే ఈ చదును ఆకు కూరకూ పనికొస్తుంది. విత్తనం ఏడాది దాటితే సరిగా మొలవదు, అందుకని పిలకల దుబ్బు తెచ్చుకోవడమే సులువు. గుంటకు 6 నుంచి 8 పిలకలు, గుంటకూ గుంటకూ జానెడు దూరం. కోసేటప్పుడు నేల మీద రెండు వేళ్ల ఎత్తు వదలాలి. పువ్వులు కావాలంటే జూన్ నుంచి కోత ఆపాలి, కోస్తూ ఉంటే కాడ లేవదు. ఆకు కొసలు ఎండుతుంటే ముందు నీళ్లను అనుమానించండి. ఈ జాతి ఉప్పుకు ఓర్వదు, సముద్రం పక్క ఊళ్లలో బోరునీళ్లు దీనికి పడవు. నెలకోసారి మంచినీళ్లు కుండీ అడుగునుంచి కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు దిగుతుంది. ఆకు మీద వెండిచారలు కనిపిస్తే తామరపురుగు. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టాలి.

బంతి ఆకారమే కావాలనుకుంటే ఫుట్‌బాల్ లిల్లీ పెట్టుకోండి. అల్లియం కాదు గానీ వృక్షశాస్త్రంలో రెండిటిదీ ఒకే కుటుంబం. మన ఎండకు బెదరదు. ఆకు లేకుండానే ఏప్రిల్, మే నెలల్లో ఎర్రటి బంతి లేస్తుంది, జానెడు వెడల్పు దాకా విచ్చుకుంటుంది. వారం పైన నిలుస్తుంది. 10 అంగుళాల కుండీలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, గడ్డ మెడ మట్టికి సమానంగా ఉండేట్టు నాటాలి. మధ్యాహ్నం నీడ ఉండాలి.

దీన్ని చంపేది మన తుపాన్లే. గడ్డ నిద్రకు పోయే అక్టోబరు, డిసెంబరు మధ్యనే ఇక్కడ వానలు దంచుతాయి. నీళ్లు నిలిస్తే గడ్డ అడుగునుంచి మెత్తబడి కంపు కొడుతుంది. అప్పుడు కుండీని చూరు కిందికి జరపాలి. ఒంగోలు వైపు నల్లరేగడిలో నేలలో నాటేవాళ్లు అడుగు ఎత్తు మడి కట్టుకోవాలి. ఆకు పండాక మార్చి దాకా నీళ్లు బంద్. ఈ గడ్డ విషం. తవ్వి దాచేటప్పుడు ఎర్రగడ్డల బుట్ట దరిదాపుల్లో పెట్టొద్దు, మేకలకు అందనివ్వొద్దు.