స్కోప్ లేని రైఫిల్‌తో కొడియాక్ కొండమేక కోసం

మా గోదావరి వైపు వేట అంటే మేకమాంసం. "ఇవాళ వేట తెచ్చారా?" అని ఎవరైనా అడిగితే అడవికెళ్లారా అని కాదు, పొద్దున్నే మాంసం కొట్టు దగ్గర నిలబడ్డారా అని అర్థం. అలాంటి ఊళ్లో పుట్టి, నలభై దాటాక, అలాస్కాలో ఒక దీవి మీద మేకపోతు తొడ వీపున వేసుకుని వానలో కొండ దిగాను. ఇంకెవరైనా తెలుగువాళ్లు ఈ పిచ్చి పని చేయాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నా.

వేట మా బావది. మోత నాది. బావ, అంటే మా అక్క భర్త, ఏంకరేజ్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్నాడు. నేనుండేది సియాటిల్ దగ్గర బోథెల్‌లో. అలాస్కా బయటివాళ్లు కొండమేకను కొట్టాలంటే లైసెన్సున్న గైడ్ వెంట ఉండాలి, లేదా అక్కడ నివాసమున్న దగ్గరి బంధువు ఉండాలి. గైడ్‌తో వెళితే ఖర్చు పదివేల డాలర్లు దాటుతుంది. బావ ఉన్నాడు కాబట్టి నాకా బాధ లేదు గానీ, లైసెన్సుకి 160, కొట్టిన మేకకి తగిలించే ట్యాగుకి 600 కట్టి తుపాకి పేల్చేంత సరదా కూడా లేదు. కాబట్టి పర్మిట్ ఆయనది, నడుంనొప్పి నాది.

ముందు రైఫిల్ గురించి చెప్పాలి. ఈ ప్రయాణంలో ఏ చోటు మంచిది, ఎన్ని రోజులు కావాలి, ఎక్కడ ఉండాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలాయి. బావది 1950ల నాటి సావేజ్ 99, .300 సావేజ్ తూటా. లీవర్ కిందికి లాగి పైకి నెడితే తర్వాతి తూటా ఎక్కుతుంది. వించెస్టర్ 94 లాంటి వాటిలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అందుకని ముందు తూటా అడుగున ఉండే ప్రైమర్‌కి, అంటే దెబ్బ తగిలితే పేలే బిళ్లకి, మొన గుచ్చుకోకుండా మొద్దు మొనవే వాడాలి. సావేజ్‌లో తూటాలుండే అర, అంటే మ్యాగజైన్, గుండ్రంగా తిరిగేది కాబట్టి మొనదేలిన తూటాలు నడుస్తాయి. ఎడమ పక్క చిన్న కిటికీలో ఇంకా ఎన్ని మిగిలాయో అంకె కూడా కనపడుతుంది. ఆ అంకె చూపించడమంటే బావకి చెప్పలేనంత ఇష్టం.

స్కోప్, అంటే దూరాన్ని దగ్గరగా చూపే దుర్బీను గొట్టం, దీనికి లేదు. గురి చూడ్డానికి వెనక చిన్న రంధ్రం, ముందు కొసన ఒక పూస, అంతే. ఆ పూస అంగుళంలో 16వ వంతు. కంటికీ పూసకీ ఉన్న దూరంతో లెక్క కడితే 100 గజాల దగ్గర అది సుమారు 7 అంగుళాల మేర కప్పేస్తుంది, 200 గజాల దగ్గర 15 అంగుళాలు. అంటే అక్కడికి మేక ఛాతీ మొత్తం పూస వెనక మాయం. ఏంకరేజ్‌లోని రాబిట్ క్రీక్ అనే గురి సాధన మైదానంలో బావ, కొడియాక్ వెళ్లడానికి ముందు ఏడాది వేసవంతా, అన్నం తినే పేపరు ప్లేట్లు పెట్టి కొట్టాడు. కూర్చుని కొడితే 120 గజాల వరకు అయిదుకి అయిదూ ప్లేట్లో పడ్డాయి. 150 దగ్గర మూడే పడ్డాయి. దాంతో 120 దాటితే ట్రిగ్గర్ ముట్టుకోనని అక్కడే అనేశాడు.

ఆ మాట వల్లే ఆ ఏడాది సేవార్డ్ అనే ఊరి వైపు వేటకెళ్లి ఉత్త చేతులతో వచ్చాం. కారు దిగి నడిచేయొచ్చు, ఊళ్లో బసలు బోలెడు, వేడి వేడి చేపల కూర, ఎగ్జిట్ గ్లేసియర్ అందం. అన్నీ బాగున్నాయి. కానీ అక్కడి కొండలు గోడల్లా ఉంటాయి. మేక 230 గజాల దూరంలో ఒక అంచు మీద కూర్చుని నెమరేస్తోంది, మధ్యలో లోయ. స్కోప్ ఉన్నవాడికి అది తేలిక. మాకు మాత్రం ఫొటో దిగిందే లాభం. కుటుంబంతో చూడ్డానికైతే సేవార్డే మేలు. లీవర్ రైఫిల్‌తో వేటకైతే నేను మళ్లీ వెళ్లను.

కొడియాక్ దీవి కొండలు వేరు. పైన చాలా చోట్ల గడ్డి, మధ్య మధ్య మడతలు, వెనక నక్కి దగ్గరికి పాకడానికి వీలుంటుంది. తమాషా ఏంటంటే మేకలు ఈ దీవికి పుట్టినవి కావు. 1952, 53ల్లో 18 మేకల్ని తెచ్చి వదిలితే, వాటి సంతానమే ఇప్పుడు దీవి నిండా ఉంది. పేరుకి మేక గానీ ఇది అసలు మేకా కాదు. మన హిమాలయాల్లో ఉండే గోరల్, సెరో అనే జంతువులకి చుట్టం. పర్మిట్లకి చాలా చోట్ల లాటరీ ఉంటుంది. శీతాకాలంలో దరఖాస్తు పెడితే ఫిబ్రవరిలో ఫలితం. బావకి మూడో ప్రయత్నంలో తగిలింది.

ఏంకరేజ్ నుంచి కొడియాక్ విమానంలో గంట. ఖాళీ రైఫిల్‌ని తాళమేసిన గట్టి పెట్టెలో పెట్టి కౌంటర్‌లో చెప్పాలి. తూటాలు 11 పౌండ్లకి మించకూడదు, అవి కూడా చెక్-ఇన్ సామానులోనే. ఎలుగు స్ప్రే (ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే కారం స్ప్రే), స్టవ్ ఇంధనం విమానంలో ఎక్కనివ్వరు, దిగాక కొనుక్కోవాల్సిందే. కౌంటర్‌లో అమ్మాయి పెట్టె చూసి, "మేకా, జింకా?" అని కూరగాయల బేరంలా అడిగింది. అక్కడ అది అంత మామూలు.

మొదటి విమానం కొడియాక్ మీద పొగమంచులో రెండు చుట్లు కొట్టి వెనక్కి వచ్చేసింది. రన్‌వే చివర్నే బారోమీటర్ అనే కొండ ఉంటుంది. దాని కొస కనపడితే వాతావరణం బాగున్నట్టు. కనపడకపోతే పైలట్లు సాహసం చేయరు, చేయకూడదు కూడా. మర్నాడు దిగాం. టైముంటే హోమర్ నుంచి ఓడలో రావడం ఒక దారి, కానీ రాత్రంతా ఊగుతుంది. నాకు సముద్రం పడదు.

ఊళ్లో మేం దిగిన మోటెల్ పేరు రాయను. గది శుభ్రమే, హీటర్ పనిచేసింది. కానీ బుక్ చేసినప్పుడు మాంసం పెట్టుకోడానికి ఫ్రీజర్ ఉచితం అన్నారు, తిరిగొచ్చాక పెట్టెకి ఇంతని రేటు చెప్పారు. ఇలాంటివి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. సరుకులకి వాల్‌మార్ట్, సేఫ్‌వే రెండూ ఉన్నాయి, ధరలు మండిపోతాయి. బియ్యం, కందిపొడి, ఆవకాయ మాతో తెచ్చుకోవడం మేం చేసిన తెలివైన పని. ఖాళీ దొరికితే డౌన్‌టౌన్‌లో వన్యప్రాణి శరణాలయం వారి విజిటర్ సెంటర్ చూడండి. లోపల తిమింగలం అస్థిపంజరం వేలాడుతుంటుంది. అక్కడి ఉద్యోగులు ఎలుగుల గురించి ఓపిగ్గా చెబుతారు. దీవిలో సుమారు 3,500 ఎలుగులున్నాయి. వాటి గురించి భయపెట్టకుండా, తేలిక చేయకుండా మాట్లాడింది వాళ్లొక్కరే. నా దృష్టిలో ఊళ్లో దొరికిన అన్ని సేవల్లోకీ డబ్బు తీసుకోని ఇదే ఉత్తమం.

నియర్ ఐలండ్‌లోని ట్రైడెంట్ బేసిన్ నుంచి నీటి విమానం ఎక్కాం. బీవర్ అనే రకం చిన్న విమానం, నాకన్నా వయసులో పెద్దది. సామాన్నీ మమ్మల్నీ త్రాసు మీద తూచారు. నేను రెండు పౌండ్లు తక్కువ చెప్పానని అక్కడ బయటపడింది. ఎలుగు స్ప్రే మా పక్కన పెట్టుకోనివ్వరు, నీటి మీద తేలే ఆ పడవ కాళ్ల లోపలి అరల్లో పెడతారు. గాల్లో అది లీకైతే పైలట్ కళ్లు పోతాయి కదా. పైలట్ తక్కువ మాట్లాడాడు, రెండుసార్లు మబ్బు చూసి వెనక్కి తిరిగి వేరే కనుమ గుండా తీసుకెళ్లాడు. అలాంటి మనిషికి ఎంత ఇచ్చినా తక్కువే.

బస ఉగానిక్ సరస్సు ఒడ్డున శరణాలయం వారి క్యాబిన్‌లో. మేం కట్టింది రాత్రికి 45 డాలర్లు. చెక్క మంచాలు, కిరోసిన్ హీటర్, బయట మరుగుదొడ్డి. కరెంటు లేదు, నీళ్లు సరస్సువే, కిరోసిన్ మనమే తెచ్చుకోవాలి. మేం తెచ్చింది అయిదు రోజులకి సరిపోయింది, ఉన్నది ఏడు. గుడారంలో ఉండొచ్చని బావ మొదట అన్నాడు. తడిసిన మేజోళ్లు ఆరబెట్టుకునే చోటు లేకపోతే నేను రెండో రోజే అక్కకి ఫోన్ చేసి ఏడ్చేవాణ్ణి. ఫోనూ లేదనుకోండి, శాటిలైట్ మెసేజీలే.

అలాస్కాలో విమానం దిగిన రోజు వేటాడకూడదు. మర్నాడు తెల్లవారుజామున 3 గంటల దాకా ఆగాలి. రెండో రోజు పొగమంచు వల్ల సరస్సు అవతలి ఒడ్డే కనపడలేదు. మూడో రోజు ఎక్కాం. కింద ఆల్డర్ పొదలు, వాటి మధ్య స్థానికులు పుష్కీ అనే మొక్క. దాని రసం తగిలాక ఎండ పడితే చర్మం పొక్కుతుంది. ఎండ ఎక్కడిదంటారా, తగిలిన రోజే వచ్చింది. ఆ పొదలు దాటడానికే మూడు గంటలు పట్టింది.

పైకొచ్చాక ఏడు మేకల గుంపు కనపడింది, పిల్లలతో. పిల్లలున్న ఆడదాన్ని కొట్టకూడదు. పిల్లలు లేకపోయినా ఆడదాన్ని వదిలేయమనే అధికారులు కోరతారు, ఎందుకంటే అవి నాలుగయిదేళ్లకి గానీ ఈనవు. చిక్కేమిటంటే ఆడదానికీ కొమ్ములుంటాయి. పోతు కొమ్ము మొదట్లో లావు, వంపు మొదటి నుంచీ సాఫీగా ఉంటుంది. ఆడదానిది సన్నం, కొస దగ్గర వంగుతుంది. అంత దూరం నుంచి ఇది తేలకపోతే ఇంకో గుర్తుంది: మూత్రం పోసేటప్పుడు ఆడది కూర్చున్నట్టు వంగుతుంది, పోతు కాళ్లు సాచుతుంది. దుర్బీనులో దానికోసం నలభై నిమిషాలు కాపు కాసిన పెద్దమనుషులం మేం.

ఒంటరిగా ఉన్న పోతు పక్క గట్టు మీద కనపడింది. మేకలు ప్రమాదం కింది నుంచి వస్తుందని చూస్తుంటాయి, అందుకని చుట్టూ తిరిగి దానికి పైనుంచి దిగాం. 70 గజాల దగ్గరికి పాకాం. పడుకుని ఉంది, సరిగ్గా కొండ అంచున.

"కొట్టు బావా," అన్నాను గుసగుసగా.

"ఆగరా. అక్కడ కొడితే కిందకి పోతుంది. నువ్వు దిగి తెస్తావా?"

రెండు గంటలు ఆగాం. వాన మొదలైంది. వెనక సైటు రంధ్రంలో నీటిచుక్క నిలిస్తే బావ నోటితో ఊదుకుంటున్నాడు. స్కోప్ అయితే అద్దం తుడవడానికి గుడ్డ వెతుక్కోవాలి. ఇంకో మాట. కిందటేడాది ముందు పూస దంతం రంగులో ఉండేది. తెల్ల మేక మీద తెల్ల పూస పెడితే ఏం కనపడుతుంది? ఈసారి దానికి మా అక్క ఎర్ర నెయిల్ పాలిష్ వేసుకొచ్చాడు. వెయ్యి డాలర్ల స్కోప్ చేయలేని పని ఆ సీసా చేసింది.

పోతు లేచి, ఒళ్లు విరుచుకుని, అంచు వదిలి గడ్డిలోకి నాలుగు అడుగులు వేసింది. మొదటి దెబ్బకి పడలేదు. అంచు వైపే తిరిగింది. నేను ఊపిరి తీసుకునేలోపు బావ లీవర్ లాగి రెండోది కొట్టాడు. కూలబడి, దొర్లి, అంచుకి పది గజాల ముందు ఒక రాయికి ఆనుకుని ఆగింది. కొమ్ము మీద వలయాలు లెక్కపెడితే ఆరేళ్లది. బావ దాని తల మీద చెయ్యేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు, నేనూ కదిలించలేదు.

తర్వాత అసలు పని. తినదగ్గ మాంసం వదిలేయడం అక్కడ నేరం. తుపాకి చప్పుడుకి ఎలుగులు వస్తాయని అందరూ అంటారు కాబట్టి త్వరగా కోసి, పేగులకి దూరంగా జరిపి, రెండు విడతల్లో మోశాం. క్యాబిన్ దగ్గర మాంసం చుట్టూ బ్యాటరీతో కరెంటు పారే కంచె కట్టాం. రాత్రి కాలేయం వేపుడు, ఆవకాయ, వేడన్నం. మోకాళ్ల సంగతి ఆ పూట గుర్తు రాలేదు.

విమానం ఆరో రోజు రావాలి, ఎనిమిదో రోజు వచ్చింది. పొగమంచు. తప్పు ఎవరిదీ కాదు. టికెట్ మార్పు ఖర్చు మాత్రం మాదే. కాబట్టి వెళ్లేవాళ్లు ముందొక రోజు, వెనక మూడు రోజులు ఖాళీ పెట్టుకోండి. ఆ రోజులు పెట్టుకోలేకపోతే స్కోప్ ఉన్న రైఫిల్ తీసుకెళ్లండి, లేదా వెళ్లకండి. ఊళ్లో మాంసం ప్యాక్ చేసిన కొట్టువాళ్లు రోజు ఆలస్యం చేశారు, ఆ పేరూ రాయను. మైనం పూసిన చేపల పెట్టెల్లో గడ్డకట్టిన మాంసం పెట్టి విమానంలో సామానుగా తెచ్చుకున్నాం, చుక్క నీరు కారలేదు.

ఏంకరేజ్‌లో అక్క కుక్కర్ పెట్టింది. ఎనిమిది విజిల్స్ తర్వాత మూత తీసి ముక్క నొక్కి చూసి, మా ఇద్దరి మొహాలూ చూసింది. "లేతది దొరకలేదురా మీకు?" అని మళ్లీ మూత పెట్టేసింది.