పాత చైన్‌సాకి ఆయిల్ పంపు మార్పిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పాత చైన్‌సాలో (చెట్లు కోసే మోటారు రంపం) బార్‌కి, అంటే చైను తిరిగే పొడవాటి ఇనుప పట్టీకి, నూనె అందడం లేదని రిపేరుకి ఇచ్చేవాళ్లకి, ఆన్‌లైన్‌లో పంపు కిట్ తెప్పించుకునేవాళ్లకి ఈ హెచ్చరిక. "కొత్త పంపు వేశాం, ఎలా చిమ్ముతోందో చూడండి" అంటూ మన ముందే ఇంజను రేజ్ చేసి, అట్టముక్క మీద నూనె గీత చూపించి డబ్బు తీసుకుంటారు. నాకూ అదే గీత చూపించారు. ఆ గీత ఒక్కటే చూసి రిపేరు అయిపోయిందని అనుకోవద్దు. ఎందుకో చెప్తాను.

మిషన్ పాతదే గానీ ఇంజను ఇప్పటికీ గట్టిది. నూనె మాత్రం తగ్గింది. బార్ గాడి పొడిగా ఉంటోంది, చైను త్వరగా వేడెక్కుతోంది. షాపాయన విప్పి చూడకుండానే "పంపు పోయింది సార్, పాత మోడల్ కదా, కష్టపడి తెప్పించాలి" అన్నాడు. బిల్లులో పంపు, వార్మ్ గేరు (పంపుని తిప్పే గేరు), పైపు, ఫిల్టర్ అన్నీ కొత్తవని రాశాడు.

ఇంటికి తెచ్చాక ఒక్క ట్యాంకు పెట్రోలు పూర్తికాకముందే కాలిన వాసన మొదలైంది. కోతలోంచి సన్నగా పొగ. ఆపి చూస్తే బార్ అంచుల వెంట పెయింట్ మాడిపోయి, ముక్కు దగ్గర ఇనుము నీలం తిరిగింది. చైను వదులై కిందికి వేలాడుతోంది. పెట్రోలు అడుగంటింది, నూనె దాదాపు పోసినంతా అలాగే ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చైన్‌సాల్లో మామూలుగా రెండు ట్యాంకులూ ఒక లెక్క ప్రకారమే పెడతారు. పెట్రోలు అయిపోయేసరికి నూనె కూడా అడుగుకి చేరుతుంది, కానీ పూర్తిగా అయిపోదు. పెట్రోలు అయ్యాక కూడా నూనె సగానికి పైగా మిగిలిందంటే బార్‌కి అందాల్సింది అందలేదనే అర్థం.

మళ్లీ షాపుకి వెళ్లే ముందు నేనే విప్పాను, మొదటి నట్టు నుంచీ ఫోన్‌లో వీడియో తీస్తూ. సైడు కవరు తీయగానే పొడి పొట్టు రాలింది. నూనె సరిగా వచ్చే మిషన్‌లో అక్కడ పొట్టు తడిసి ముద్దగా అంటుకుని ఉంటుంది. పంపు నిజంగానే కొత్తది, ఆ మాట ఒప్పుకోవాలి. వార్మ్ గేరు మాత్రం పాతదే. నల్ల ప్లాస్టిక్ గేరు, పళ్లు ఒక పక్కన అరిగి పల్చబడ్డాయి. కొత్త పంపు పళ్ల మధ్య అప్పుడే ఆ నల్ల ప్లాస్టిక్ తురుము చేరింది. పైపు కూడా పాతదే. రబ్బరు గట్టిపడిపోయి, కాస్త వంచితే పగుళ్లు నోరు తెరుస్తున్నాయి. ఆ పగుళ్ల మీద బూడిద రంగు గాస్కెట్ పేస్టు పూశారు. పూసిన పేస్టులో కొంత లోపలికి దిగి, గట్టిపడి, పంపు నోటి దగ్గర అడ్డం పడింది. పట్టకారుతో లాగితే వానపాములా సాగి బయటికొచ్చింది.

ఇక ట్యాంకుకి గాలి అందించే చిన్న వెంట్ వాల్వు. దాన్ని ఎవరూ ముట్టుకున్న గుర్తే లేదు. పాత నూనె జిగురుగా మారి, పొట్టుతో కలిసి దాన్ని మూసేసింది.

మరి అట్ట మీద గీత ఎలా పడింది? పంపు నూనె లాగేకొద్దీ ట్యాంకులో ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలోకి బయటి గాలి వెంట్ ద్వారా రావాలి. రాకపోతే లోపల వ్యాక్యూమ్ ఏర్పడి, కాసేపటికి పంపు ఎంత తిరిగినా నూనె లాగలేదు. అయితే అప్పుడే మూత తీసి, నూనె పోసి, బిగించిన ట్యాంకులో ఈ ఇబ్బంది వెంటనే బయటపడదు. కౌంటర్ ముందు ఒక్క నిమిషం నడిపితే గీత చక్కగానే పడుతుంది. దానికి తోడు పల్చటి నూనె పోస్తే దారి సగం మూసుకుపోయినా జారుకుంటూ వచ్చేస్తుంది. నా ట్యాంకులో ఉన్నదీ అదే. చైన్ ఆయిల్ రెండు వేళ్ల మధ్య పెట్టి విడదీస్తే తీగలు సాగుతుంది, వేగంగా తిరిగే చైను మీద నిలవడానికి అందులో ఆ జిగురు కావాలనే కలుపుతారు. ఇది మాత్రం చుక్కగా జారిపోయింది.

కాబట్టి షాపులో పరీక్ష చేయించేటప్పుడు నూనె మీరే తీసుకెళ్లి పోయించండి. బార్ ముక్కుని లేతరంగు అట్టకో, కోసిన దుంగకో జానెడు దూరంలో పెట్టి రేజ్ చేయించండి, చైను దేనికీ తగలకూడదు. గీత పడితే సగం పనే అయినట్టు. ఒక ట్యాంకు పెట్రోలు అయ్యేదాకా కోతలో నడిపి నూనె ఎంత దిగిందో చూశాకే మిగతా డబ్బు ఇస్తానని ముందే మాట్లాడుకోండి. దీనికి ఒప్పుకోని చోట పాత మిషన్ ఇవ్వకపోవడమే నయం అని నా అభిప్రాయం. మధ్యలో నూనె ఆగిపోతే ఇంజను ఆపి నూనె మూత నెమ్మదిగా వదులు చేయండి. గాలి సుయ్‌మని లోపలికి పోయి, మళ్లీ బిగించి నడిపాక కాసేపు నూనె బాగా వచ్చిందంటే తప్పు పంపుది కాదు, వెంట్‌ది. బాగా పాత మోడళ్లు కొన్నింటిలో మాత్రం లెక్క వేరు. వాటిలో క్రాంక్‌కేస్ (ఇంజను అడుగు గది) ప్రెషరే ట్యాంకులోకి వెళ్లి నూనెని నెడుతుంది, మూత వదులైతే నూనె రావడమే ఆగిపోతుంది. మీది ఏ రకమో తెలుసుకోకుండా ఈ పరీక్ష చేసి కంగారు పడొద్దు.

నిజానికి పంపు దాకా వెళ్లకముందే చూడాల్సినవి చాలా ఉన్నాయి, ఖర్చు లేనివి. బార్ తోక దగ్గరున్న నూనె రంధ్రం పొట్టుతో మూసుకుపోతుంది, సన్న తీగ చాలు. గాడిని మొత్తం గీకి శుభ్రం చేయాలి. ట్యాంకులో పైపు చివరనున్న ఫిల్టర్‌ని ట్యాంకు నోట్లోంచి కొక్కెంతో బయటికి లాగి చూడొచ్చు. బార్ మార్చాక నూనె తగ్గిందంటే మొదటి అనుమానం బార్ మీదే పెట్టుకోండి. పొడవు సరిపోయింది, బోల్టులకి ఎక్కింది అని వేసేస్తారు గానీ, మౌంటు వేరైతే నూనె రంధ్రం బాడీ మీది దారికి ఎదురుగా రాదు. అప్పుడు నూనె అంతా బార్ వెనకాల నుంచి కిందికి కారిపోతుంది. ఇలాంటి కేసులో కూడా పంపు అమ్మేవాళ్లు ఉంటారు.

పంపు నిజంగా పోయినా ఒంటరిగా పోవడం తక్కువ. లోపల ఉండేది ఒక చిన్న స్టీలు పిస్టన్, దాని మీద పళ్లు. వార్మ్ గేరు ఆ పళ్లని తిప్పుతుంది. పిస్టన్ తిరుగుతూనే, ఏటవాలుగా చెక్కిన చివర ఒక స్క్రూకి ఆని ఉండటం వల్ల ముందుకీ వెనక్కీ కదులుతుంది. అలా కదులుతూ ఒకసారి నూనె లోపలికి వచ్చే దారి, ఒకసారి బయటికి పోయే దారి తెరుస్తుంది. అరిగిన గేరుని కొత్త పిస్టన్‌కి జత చేస్తే రెండోది కూడా పాడవుతుంది, నా మిషన్‌లో జరిగింది అదే. కొన్ని మోడళ్లలో వార్మ్ గేరు క్లచ్ డ్రమ్ముతో (చైనుని తిప్పే గిన్నెలాంటి భాగం) తిరుగుతుంది, అంటే చైను తిరిగితేనే నూనె. వాటిలో ఐడిల్‌లో (ట్రిగ్గర్ నొక్కకుండా ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడు) నూనె రాకపోతే అది రిపేరు కాదు, అలా ఉండాల్సిందే. క్రాంక్‌షాఫ్ట్‌తో (ఇంజను ప్రధాన ఇరుసు) తిరిగేవాటిలో ఐడిల్‌లో కూడా కొద్దిగా వస్తుంది. ఈ తేడా చెప్పలేని మెకానిక్ చేతికి ఇవ్వొద్దు.

క్లచ్ ఎలా విప్పుతారో కూడా అడగండి. చాలా చైన్‌సాల్లో క్లచ్‌కి లెఫ్ట్ థ్రెడ్డు ఉంటుంది, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. ఇంజను పిస్టన్ కదలకుండా స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి సన్న తాడు కుక్కుతారు, అదీ ఆ పిస్టన్ ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) దాటి పైకి వచ్చాకే. లేదంటే తాడు పోర్టులో నలిగి తెగుతుంది. నా క్లచ్ మీద మాత్రం ఉలి పెట్టి కొట్టిన దెబ్బలు మెరుస్తున్నాయి.

ఆ దెబ్బల కంటే ఎక్కువ భయపడాల్సింది ఒకటుంది. క్లచ్, పంపు వెనకాలే క్రాంక్ సీలు, అంటే ఇంజను ఇరుసు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రింగు, ఉంటుంది. గేరుని స్క్రూడ్రైవర్‌తో ఎత్తి పీకేటప్పుడు దాని అంచు చీరితే నూనె సమస్య పోయి ఇంజను సమస్య పట్టుకుంటుంది. సీలు దగ్గర గాలి లాగితే పెట్రోలు పాలు తగ్గి ఇంజను వేడెక్కుతుంది, చివరికి ఇంజను పిస్టన్ పట్టేస్తుంది. నూనె రిపేరు చేయించాక ఐడిల్ దానంతటదే పెరుగుతున్నా, ట్రిగ్గర్ వదిలినా ఇంజను వెంటనే కిందికి దిగకపోయినా ఇంక కోయొద్దు. ఉన్నట్టుండి నీలం పొగ ఎక్కువైనా అక్కడే అనుమానించాలి, చైను నూనె ఇంజనులోకి పోతూ ఉండొచ్చు.

కిట్ తెప్పించుకునేవాళ్లకి ఇంకో మాట. "అన్ని పాత మోడళ్లకీ సరిపోతుంది" అని రాసి ఉంటే ఆ పేజీ మూసేయండి. ఒకే మోడల్‌లో కూడా తయారీ మధ్యలో గేరు పళ్లు, పైపు వంపు మారిన సందర్భాలుంటాయి. పాత భాగం మీదున్న పార్ట్ నంబరుతో పోల్చి చూడాలి. కిట్ రాగానే పంపు పిస్టన్‌ని చేత్తో తిప్పండి. పట్టుకుని వదిలినట్టు కాకుండా ఒకే తీరుగా తిరగాలి. పంపు లోపలికి దారి ఉన్న వైపు నూనెలో ముంచి, గేరు తిరిగే దిశలో వేలితో తిప్పితే రెండో వైపు చుక్కలు రావాలి. రాకపోతే మిషన్‌కి బిగించకుండానే వెనక్కి పంపండి, ఒకసారి బిగించాక ఎవరూ తీసుకోరు. పైపు వాసన, మెరుపు చూసి మోసపోవద్దు. మొనల దగ్గర అచ్చు గీతలు పొడుచుకు వచ్చి ఉంటే అక్కడి నుంచే గాలి లాగుతుంది.

షాపాయన మొదట "మీరు విప్పారు కాబట్టి గ్యారంటీ లేదు" అన్నాడు. వీడియో చూపించాక పైపు, గేరు డబ్బు వెనక్కిచ్చాడు. కాలిపోయిన బార్, చైను సంగతి ఎత్తితే "పాత మిషన్ అంటే అంతే సార్" అన్నాడు. ఆ నష్టం నాకే మిగిలింది. అందుకే మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలని మిషన్ దించేటప్పుడే చెప్పండి. పాత పైపు, పాత గేరు చేతికి రాలేదంటే అవి ఇంకా మిషన్‌లోనే ఉన్నాయని లెక్క.

రిపేరు చేయించి తెచ్చిన మొదటి రాత్రి మిషన్ కింద ఒక కాగితం పరవండి. పని ముగిశాక బార్ నుంచి కొద్దిగా కారడం మామూలే, మరక చూసి గొడవకి దిగొద్దు. తెల్లారేసరికి కాగితం మడుగైపోయి ట్యాంకు ఖాళీ అయితే మాత్రం పైపు పగిలిందో, సరిగా కూర్చోలేదో. ఫోటో తీసి, నూనె తుడవకుండా అలాగే తీసుకెళ్లండి.