చెక్‌కు ముందు పది రోజులు: బేస్‌లో ఉండటం మేలా, ఇంటికి రావడం మేలా?

పైలట్ శిక్షణలో ఉన్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఈ మధ్య నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. చెక్ అంటే ఎగ్జామినర్ పక్కన కూర్చుని చూసే జనరల్ ఫ్లయింగ్ టెస్టు. దానికి ఇంకా పది పదిహేను రోజులుంది. అప్పటిదాకా బేస్‌లో, అంటే శిక్షణ సంస్థలోనే ఉండి మరికొన్ని గంటలు అదనంగా ఎగరాలా, విజయవాడ వచ్చేసి ఇంట్లో సాధన చేసుకోవాలా? విమానానికి గంటకు వేల రూపాయలు కట్టలేక అడిగేవాళ్లు కొందరు. నెలల తరబడి హాస్టల్ తిండి తిని ఇంటిమీద బెంగపడ్డవాళ్లు కొందరు. రెండూ న్యాయమైన కారణాలే. అయినా నిర్ణయం వాటిని బట్టి తీసుకోకూడదు.

బేస్‌లో ఉంటే దక్కేది చేతి నైపుణ్యం. రన్‌వే దగ్గరపడ్డాక ముక్కు ఎంత ఎత్తాలో, అడ్డగాలిలో రడ్డర్ పెడల్ ఎంత తొక్కాలో, రెక్కలు పట్టు కోల్పోయే స్టాల్‌కు ముందు కంట్రోళ్లు ఎలా మెత్తబడతాయో విమానంలో తప్ప ఇంకెక్కడా తెలియదు. మీ ల్యాండింగ్‌లు ఒకటి బాగా, ఒకటి ఎగిరిపడుతూ సాగుతుంటే రెండో ఆలోచన వద్దు, బేస్‌లోనే ఉండండి. ఆ విషయం మీ ఇన్‌స్ట్రక్టర్‌ను సూటిగా అడగండి. ఆయన సూటిగానే చెబుతారు.

ల్యాండింగ్ కుదిరినవాళ్ల సంగతి వేరు. చివర్లో కొనుక్కునే అదనపు గంటలు చాలావరకు సర్క్యూట్లకే, అంటే రన్‌వే చుట్టూ తిరిగి దిగడానికే పోతాయని నేను గమనించాను. బాగా వచ్చిన పని మళ్లీ మళ్లీ చేస్తుంటే ధైర్యంగా ఉంటుంది కాబట్టి అటే మొగ్గుతారు. ఎగ్జామినర్ మాత్రం ఎక్కడో మూడు వేల అడుగుల ఎత్తున, మీరు బాగా వాలి తిరిగే స్టీప్ టర్న్ ముగించి ఊపిరి పీల్చుకునే వేళ, ఇంజిన్ ఆగిపోయిందనుకోమని దాని శక్తి మీట థ్రాటిల్‌ను వెనక్కి లాగేస్తారు. నా దృష్టిలో చెక్ తేలేది ఆ తర్వాతి పది సెకన్లలోనే. విమానం నడపడం వచ్చినవాళ్లు కూడా అక్కడ ముందు ఏది, వెనుక ఏది అన్న క్రమం మరిచి తడబడతారు. కిందికి చూస్తూ పొలం వెతుకుతుంటారు, వేగం పడిపోతుంది. లేదా వేగం పట్టుకుని కూర్చుంటారు, గాలి ఎటు నుంచి వీస్తోందో చూడరు.

మీ శిక్షణ విమానం సెస్నా 172ఎస్ అయితే 68 నాట్ల గ్లైడ్ వేగం, అంటే ఇంజిన్ లేకుండా జారే వేగం పట్టాలి. గాలి లేనప్పుడు వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు దక్కుతాయి. ముందు వేగం, ఆ వెంటనే గాలిదిశ, పొలం. తర్వాత ఇంజిన్ మళ్లీ అంటుకుంటుందేమోనని ఇంధన సెలెక్టర్, మిక్స్చర్, పంపు, మాగ్నెటోలు. ఆపైన రేడియోలో మేడే అనే ఆపద పిలుపు. విమానంలో దీన్ని ఒకసారి సాధన చేయాలంటే మూడు వేల అడుగుల నుంచి దిగడానికి మూడు నాలుగు నిమిషాలు, మళ్లీ పైకెక్కడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ప్రాక్టీస్ ఏరియాకు పోయి రావడం కూడా కలుపుకుంటే గంటకు నాలుగైదుసార్లకు మించదు. పైగా అదే ఏరియా, అవే పొలాలు.

ఇంట్లో ఒక్క సాయంత్రంలో ముప్పైసార్లు చేయవచ్చు. అందుకే ల్యాండింగ్ కుదిరినవాళ్లకు నా ఓటు ఇంటికే. అయితే ఇల్లంటే పడక, ఫోను కాకూడదు. పటమటలో ఒక అబ్బాయి కాక్‌పిట్ ఫొటోను ఫ్లెక్సీ మీద అసలు కొలతలకు ముద్రించి బీరువా తలుపుకు అంటించాడు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ. ఎడమచేయి స్టీరింగ్ లాంటి యోక్ దగ్గర, కుడిచేయి థ్రాటిల్ దగ్గర. ప్రతి పనినీ పైకి చెబుతూ, చేయి ఆ మీట దాకా చాపుతూ చేసేవాడు. వాళ్లమ్మగారు చెక్‌లిస్టును తెలుగులో రాయించుకుని, అతను దేన్ని వదిలేశాడో టిక్కు పెట్టేవారు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి "ఇంజిన్ ఆగిపోయింది నాన్నా" అన్నారు. అతను ముద్ద పక్కన పెట్టి "అరవై ఎనిమిది" అని మొదలుపెట్టాడు. నేను చెప్పే సాధన అదీ. మనసులో అనుకుంటే సరిపోదు, నోటితో అనాలి. వదిలేసినవి మనసు దాచిపెడుతుంది, నోరు బయటపెడుతుంది.

మన ప్రాంతంలో ఇంకో లాభం కూడా ఉంది. గుంటూరు నుంచి విజయవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇప్పుడు ఇంజిన్ ఆగితే ఏ పొలంలో దిగుతానని ప్రతి రెండు నిమిషాలకూ నిర్ణయించుకోండి. నాట్లు వేసిన వరిమడి పచ్చగా, చదునుగా కనిపిస్తుంది కానీ ముందుచక్రం బురదలో దిగబడితే విమానం పల్టీ కొడుతుంది. పత్తి, మిరప చేలలో దిగక తప్పకపోతే సాళ్ల వెంటే దిగాలి. అన్నిటికంటే మోసం చేసేవి మంగళగిరి చుట్టూ ఉన్న వెంచర్లు. ఆ గ్రావెల్ రోడ్లు పైనుంచి రన్‌వేల్లాగే ఉంటాయి, దగ్గరికి వెళితే వరసగా హద్దురాళ్లు, కరెంటు స్తంభాలు. తీగలు పైనుంచి కనపడవు, స్తంభాల వరస చూసి అక్కడ తీగ ఉందని అనుకోవాల్సిందే. చెరువులో గాలి వచ్చే వైపు ఒడ్డున నీరు నిలకడగా ఉంటుంది, అవతలి ఒడ్డున అలలు లేస్తాయి. గాలిదిశకు ఇంతకంటే మంచి గుర్తు తక్కువ.

దాంతోపాటు రోజూ గన్నవరం విమానాశ్రయ వాతావరణ నివేదిక, అదే మెటార్, తీసుకుని టేకాఫ్ దూరం లెక్క కట్టండి. గన్నవరం రన్‌వే సముద్ర మట్టానికి వంద అడుగుల ఎత్తయినా లేదు. అయినా మే నెలలో 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి మూడు వేల అడుగుల పైన ఉండే గాలంత పలచబడుతుంది, టేకాఫ్ దూరం పెరుగుతుంది. ఆ అంకె మీ చేత్తో మీరు తీస్తే, వైవాలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ అనే ఈ ఎత్తు లెక్క గురించి ఎటు తిప్పి అడిగినా జవాబు వస్తుంది.

ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ గురించి కూడా అడుగుతారు. నావిగేషన్‌కు, రేడియో పిలుపులకు పనికొస్తుంది. ల్యాండింగ్‌కు వద్దు, రడ్డర్ అలవాటు చెడుతుంది. వైవా ప్రశ్నల గైడ్లు రాత్రి ఒక గంట చాలు.

ఇంటికి వచ్చేవాళ్లకు నేను పెట్టే షరతు ఒకటుంది. తేదీకి మూడు నాలుగు రోజుల ముందే తిరిగి బేస్ చేరాలి. ఇన్‌స్ట్రక్టర్‌తో కనీసం రెండుసార్లు ఎగరాలి. మొదటిది చేతులు మళ్లీ గాడిన పడటానికి. రెండోది పూర్తిగా చెక్ తరహాలో, ఆయన మధ్యలో మాట సాయం చేయకుండా. ఆ రెండింటికీ విమానం ఖాళీ దొరుకుతుందో లేదో రైలు టికెట్ తీసుకోకముందే షెడ్యూలు చూసి పేరు రాయించుకోండి. దొరకదని తేలితే ఇంటికి రావద్దు. ఆ బీరువా సాధన హాస్టల్ గదిలోనే చేయండి, చెక్‌లిస్టు పట్టుకోవడానికి రూమ్మేట్‌ను కూర్చోబెట్టుకోండి. నేను రాసిన వేగాలు 172ఎస్‌వి. మీ విమానం వేరైతే దాని హ్యాండ్‌బుక్‌లో ఉన్న అంకెలనే పైకి చెబుతూ సాధన చేయండి.