నట్ డ్రైవర్లు: ధర్మకాంట గదిలో, మీసేవ బల్ల కింద ఎంతవరకు పనికొస్తాయి

కరెంటు పోయాక కంప్యూటర్‌ను పది నిమిషాలు నిలబెట్టడం యూపీఎస్ పని. ఆ పది నిమిషాల్లోనే ఫైళ్లు మూయించి, మిషన్‌ను పద్ధతిగా ఆపి, కరెంటు రాగానే మళ్లీ లేపడం డ్రైవర్ పని, అంటే యూపీఎస్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్ పని. యాసంగి వడ్లు కాంటాకొచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే మనవైపు సాయంత్రాలు గాలిదుమారం లేస్తుంది, లైన్లు పోతాయి. మిర్యాలగూడ మిల్లులో తూకం లెక్కలున్న కంప్యూటర్‌కు ఈ రెండో పని మొదటి దానికంటే ముఖ్యం.

దీనికి లైనక్స్‌లో ఉచితంగా దొరికే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, అంటే నట్, మా లెక్కలో అన్నిటికంటే మేలు. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఏపీసీయూపీఎస్‌డీ కూడా గట్టిదే కానీ ఏపీసీ కంపెనీ యూపీఎస్‌ల కోసమే రాసింది, చివరి విడుదల 2016లో. నట్‌లో రకానికో డ్రైవర్ ఉంది. మనకు ఎక్కువగా పని పడేది రెండింటితో: పేరున్న కంపెనీల యూఎస్‌బీ యూపీఎస్‌లకు యూఎస్‌బీహెచ్ఐడీ (usbhid-ups), చవక మోడళ్లకు నట్‌డీఆర్‌వీ క్యూఎక్స్ (nutdrv_qx).

కొనేటప్పుడు ముందు యూపీఎస్ వెనక్కి తిప్పి చూడండి. షాపుల్లో చేతిలో పెట్టే 600 వీఏ డబ్బాల్లో చాలావాటికి యూఎస్‌బీ పోర్టే ఉండదు. పోర్టు లేకపోతే ఏ డ్రైవరూ ఏమీ చేయలేదు. పోర్టు ఉంటే లైనక్స్‌లో యూఎస్‌బీ జాబితా తీయండి. 0665:5161 అనే గుర్తింపు సంఖ్య కనబడితే అది సైప్రెస్ కంపెనీ చిప్పు, క్యూఎక్స్ డ్రైవర్ పెట్టాలి. విండోస్ వాడేవాళ్లకో మాట: హెచ్ఐడీ రకం యూపీఎస్ (పైన చెప్పిన యూఎస్‌బీహెచ్ఐడీ డ్రైవర్‌తో నడిచేది) పెడితే ల్యాప్‌టాప్‌లో లాగా బ్యాటరీ గుర్తు దానంతటదే వస్తుంది. పవర్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ అడుగంటితే హైబర్నేట్ అని పెడితే చాలు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 0665 రకానికి ఆ సుఖం లేదు, కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామ్ వేసుకోవాల్సిందే.

నట్ వేశాక కేబుల్ ఒకసారి పీకి మళ్లీ పెట్టండి. అప్పటికే తగిలించి ఉన్న పరికరానికి కొత్త అనుమతులు పడవు, అందుకే డ్రైవర్ 'యూపీఎస్ దొరకలేదు' అంటుంది. మొదటి రోజు ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. రెండోది పాత, కొత్త మాటల గొడవ. యూపీఎస్ తగిలించిన కంప్యూటర్ ఏదో, దాన్ని చూసి ఆగే కంప్యూటర్ ఏదో నట్ సెట్టింగుల్లో రాయాలి. 2022లో వచ్చిన నట్ 2.8.0 నుంచి అందుకు 'మాస్టర్, స్లేవ్' బదులు 'ప్రైమరీ, సెకండరీ' అని రాస్తున్నారు. ఉబుంటు 22.04 అనే లైనక్స్‌లో ఉన్నది నట్ 2.7.4. అందులో కొత్త మాట రాస్తే పని చేయదు, పాత మాటే రాయాలి.

ఇక బ్యాటరీ శాతం. చవక యూపీఎస్ శాతం చెప్పదు, వోల్టేజీ ఒక్కటే చెబుతుంది. డ్రైవర్ దాన్నిబట్టి అంచనా కడుతుంది. పై హద్దు, కింది హద్దు మీరు ఇవ్వకపోతే ఆ అంకె నమ్మదగింది కాదు. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటే ఉంటే పైన 13.5, కింద 10.5 దగ్గర మొదలుపెట్టండి. మూడు బ్యాటరీల ఆన్‌లైన్ యూపీఎస్ అయితే 36 వోల్టులు చూపాల్సిన చోట 2.2 అని చూపవచ్చు. పాడైందని కంగారుపడొద్దు. అది ఒక్కో సెల్లు లెక్క చెబుతోంది. బ్యాటరీకి ఆరు సెల్లుల చొప్పున ప్యాకుల సంఖ్య 18 అని రాస్తే సరిపోతుంది.

ఎంత సర్దినా శాతాన్ని నమ్మి షట్‌డౌన్ పెట్టొద్దని మా సలహా. ఎండకు బ్యాటరీ త్వరగా సచ్చుబడుతుంది. 25 డిగ్రీలకు లెక్కగట్టిన ఆయుష్షు, ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు సగమవుతుంది. నల్లగొండ మే నెలలో రేకుల గది సంగతి చెప్పక్కర్లేదు. అలా సచ్చిన బ్యాటరీ 60 శాతం చూపిస్తూనే ఒక్కసారిగా కూలుతుంది. 'లో బ్యాటరీ' సంకేతం వచ్చేసరికి టైమ్ మిగలదు. కాబట్టి నట్‌లోనే ఉండే యూపీఎస్‌షెడ్ (upssched) అనే ప్రోగ్రామ్‌లో టైమర్ పెట్టండి: బ్యాటరీ మీదికి వెళ్లి 180 సెకన్లు దాటితే షట్‌డౌన్, ఈలోపు కరెంటు వస్తే టైమర్ రద్దు. మిల్లుల్లో పెద్ద మోటరు ఎత్తుకున్నప్పుడల్లా వోల్టేజీ పడి, యూపీఎస్ రెండు మూడు సెకన్లు బ్యాటరీకి పోయి వస్తుంది. టైమర్ ఉంటే ఆ గొడవ కంప్యూటర్‌కు తగలదు. బ్యాటరీకి వెళ్లిన సంఘటనకు, కరెంటు వచ్చిన సంఘటనకు రెండింటికీ 'ఎగ్జెక్' ఫ్లాగ్ (ప్రోగ్రామ్ నడపమనే గుర్తు) కూడా పెట్టాలి. అది మరిస్తే టైమర్ అసలు కదలదు, లాగ్‌లో తప్పు కూడా కనబడదు.

యూపీఎస్‌కు ముందు ఇన్వర్టర్ ఉన్న షాపులు మనవైపు చాలా. అక్కడ కరెంటు పోయిన సంగతి డ్రైవర్‌కు తెలియదు, ఇన్వర్టర్ ఇస్తున్నదే దానికి కరెంటు. ఇన్వర్టర్ కూడా చేతులెత్తేశాకే అది మేల్కొంటుంది. అలాంటి చోట టైమర్ 60 సెకన్లకు తగ్గించండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కొన్ని యూపీఎస్‌లు ఆ కరెంటును ఒప్పుకోక బ్యాటరీ మీదే కూర్చుంటాయి. అది డ్రైవర్ తప్పు కాదు.

'డేటా స్టేల్' (యూపీఎస్ నుంచి కొత్త సమాచారం రావట్లేదు) అని మాటిమాటికీ వస్తుంటే యూఎస్‌బీ హబ్ తీసేసి, పొట్టి కేబుల్‌తో నేరుగా మదర్‌బోర్డు పోర్టుకు పెట్టండి. అప్పటికీ ఆగకపోతే ఎంత పాత సమాచారం దాకా ఒప్పుకోవాలో చెప్పే మ్యాక్స్‌ఏజ్‌ను 15 సెకన్ల నుంచి 25కు పెంచండి.

నట్‌లో మాకు బాగా నచ్చింది యూపీఎస్‌లాగ్ అనే ప్రోగ్రామ్. నిమిషానికోసారి అని పెడితే అలాగే ఇన్‌పుట్ వోల్టేజీ రాసి పెడుతుంది. రాత్రి ఏడు గంటలకు 160, పొద్దున 240 అని వారం రోజుల కాగితం పట్టుకుని సబ్‌స్టేషన్ ఏఈ దగ్గరికి వెళ్తే, ఉత్తి మాటతో వెళ్లినప్పటికన్నా బాగా వింటారు. మీటరుతో ఒకసారి సరిపోల్చుకుని మరీ వెళ్లండి, చవక యూపీఎస్ లెక్కలో కొన్ని వోల్టుల తేడా ఉంటుంది.

చాలామంది వదిలేసేది చివరి మెట్టు, యూపీఎస్‌ను కూడా ఆపించడం. కంప్యూటర్ షట్‌డౌన్ అవుతుండగానే కరెంటు వచ్చిందనుకోండి. యూపీఎస్ ఆగకపోతే కంప్యూటర్‌కు కరెంటు పోయి వచ్చినట్టే ఉండదు, ఇక ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా లేవదు. క్యూఎక్స్‌లో ఆపే ఆలస్యం 30 సెకన్లు, లేపే ఆలస్యం 180 సెకన్లు ముందే ఉంటాయి, అవి చాలు. నట్ సెట్టింగుల్లో, యూపీఎస్‌ను కూడా ఆపాలని గుర్తు పెట్టే పవర్‌డౌన్‌ఫ్లాగ్ వరుస ఉందో లేదో చూసుకోండి. బయోస్‌లో (కంప్యూటర్ లేవగానే తెరిచే మూల సెట్టింగుల్లో) కరెంటు రాగానే ఆన్ కావాలని పెట్టండి.

దీన్ని కంప్యూటర్ మీద కాక బల్బు మీద పరీక్షించండి. కంప్యూటర్‌ను గోడ ప్లగ్గుకు మార్చి, యూపీఎస్‌కు 60 వాట్ల పాతకాలపు బల్బు పెట్టి, 'షట్‌డౌన్ రిటర్న్' ఆజ్ఞ ఇవ్వండి. అర నిమిషానికి బల్బు ఆరి, మూడు నిమిషాల తర్వాత వెలగాలి. తర్వాత యూపీఎస్‌కు కరెంటు లేకుండా కూడా చేయండి: బల్బు ఆరాలి, స్విచ్ వేశాకే వెలగాలి. ప్లగ్ పీకొద్దు, బోర్డు మీద స్విచ్ ఆపండి. ప్లగ్ పీకితే ఎర్త్ కూడా పోతుంది. కరెంటు ఉన్నప్పుడు ఆరని యూపీఎస్‌లు కొన్ని ఉన్నాయి. అలాంటిది తగిలితే, రాత్రి మనిషి ఉండని గదికి దాన్ని పెట్టొద్దు, బిల్లు తీసుకెళ్లి మార్పించుకోండి.